కోయని చీర కోసం

నేను అనుమానం మనిషిని. పాలలో వేలు ముంచి చూస్తే గానీ గిన్నె పట్టను. కండక్టర్ ఇచ్చిన చిల్లర చూసుకోకుండా సీట్లో కూర్చోను. అనువాదాలు చేసేదానికి ఈ గుణం ఉండాల్సిందేనని మా ఆయన్ని దబాయిస్తుంటాను. ఆయన నమ్మడు. నేను కర్నూలు, కడప వైపు వెళ్ళి వచ్చింది కూడా దేవుళ్ళను చూడ్డానికో, కోటలు చూడ్డానికో కాదు. ఒక పుస్తకం మీద అనుమానం తీర్చుకోవడానికి వెళ్ళాను.

ఆ పుస్తకం రాసినాయన అమెరికన్ విలేకరి. పేరు మార్టిన్. అమెరికా నడిమధ్యలో, వానలు సరిగా పడని గోధుమ చేల మధ్య చిన్న ఊళ్ళో పుట్టాడు. కాలేజీ సగంలో మానేసి ఊరి పత్రికలో చేరితే, మొదట ఇచ్చిన పని చావు వార్తలు రాయడం. “ఇంటికి ఫోన్ చేయకుండా ఎవరినీ చంపొద్దు” అని మొదటి ఎడిటర్ చెప్పాడట. ఆ మాట ఆయన రాసిన ప్రతి పుస్తకంలోనూ ఎక్కడో ఒకచోట వస్తుంది. తర్వాత పెద్ద పత్రికలకు ఎదిగాడు, యుద్ధాలు చూశాడు. ఇరవై ఏళ్ళ కిందట రాయలసీమకు వచ్చి, ముఠా కక్షల మధ్య నలిగిపోతున్న మామూలు మనుషుల గురించి పుస్తకం రాశాడు. పేరంతా దానితోనే వచ్చింది.

ఆ పేరు ఈమధ్యే పోయింది. ఆయన రాసిన ఒక వ్యాసంలో లేని మనుషులను ఉన్నట్టు రాశాడని ఆయన పత్రికే తేల్చి, ఉద్యోగం తీసేసింది. ఇక పాత పుస్తకాలన్నీ తవ్వడం మొదలుపెట్టారు. ఎవరో ఇద్దరు విలేకరులు కడప దాకా వచ్చి వెతికి, పుస్తకంలోని నాగమ్మ అనే మనిషే లేదని రాశారు. మార్టిన్ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు.

నాగమ్మ ఆ పుస్తకానికి గుండెకాయ. భర్తను కక్షల్లో చంపేశారు. ఆ రోజు మగ్గం మీద చీర సగంలో ఉంది. ఆమె ఆ చీరను మగ్గం మీంచి కోయలేదు, ఇంకొకరిని తాకనివ్వలేదు. మూడేళ్ళుగా పాత దుప్పటి కప్పి అలాగే ఉంచింది. బొట్టు లేని నాగమ్మ ఆ మగ్గం పక్కన కూర్చున్న ఫోటోనే పుస్తకం అట్ట మీద ఉంది. చదివినవాళ్ళంతా అక్కడ ఏడ్చామని చెబుతారు.

ఆ పుస్తకాన్ని తెలుగు చేస్తున్న నా చెయ్యి మాత్రం అక్కడే ఆగిపోయింది. మాది చీరాల, మా నాన్న నేతగాడు. చావు జరిగిన ఇంట్లో మగ్గం ఆగుతుంది, నిజమే. కర్మ అయిపోగానే మళ్ళీ ఆడుతుంది. నూలు షావుకారుది కదా, మన దుఃఖం కోసం ఆయన ఆగడు. మూడేళ్ళు వదిలేసిన పడుగు దారాల్లో ఎలుకలు తిన్నాక మిగిలేదేమిటి? ఇదంతా మార్టిన్‌కు ఈమెయిల్ రాసి అడిగాను. “ఆ అధ్యాయం గురించి నేను చెప్పేదేమీ లేదు. ఇష్టం లేకపోతే తీసేయండి” అని జవాబు వచ్చింది. తన పుస్తకంలో గొప్ప అధ్యాయాన్ని తీసేయమనే రచయితను నేను ఇంతవరకు చూడలేదు. ప్రచురణకర్త తొందర పెడుతున్నాడు. అబద్ధాన్ని తెలుగు చేసి కింద నా పేరు వేసుకోవడం నావల్ల కాదు. అందుకే బస్సెక్కాను.

కర్నూలులో పొద్దున్నే బజ్జీ

బస్టాండు దగ్గర హోటల్లో ఇడ్లీ అడిగితే, పెద్దాయన నన్ను జాలిగా చూశాడు. “ఈడికొచ్చి ఇడ్లీ ఏంటికి మా? ఉగ్గాని తిను” అన్నాడు. కర్నూలు వాళ్ళు పొద్దున్నే మిరపకాయ బజ్జీ తింటారని మార్టిన్ రాస్తే, దాని పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టుకున్నాను. మా వైపు బజ్జీ అంటే సాయంత్రం మాట.

ఉగ్గాని వచ్చింది. మనం మరమరాలనేవాటిని వీళ్ళు బొరుగులంటారు. వాటిని నానబెట్టి, పిండి, తాలింపు వేసి, పుట్నాల పొడి చల్లుతారు. పక్కన నిజంగానే రెండు మిరపకాయ బజ్జీలు. మా ఊళ్ళో టీ ఖరీదుకు నాలుగు రూపాయలు చేరిస్తే కడుపు నిండింది. కారం నషాళానికి అంటింది. కళ్ళు తుడుచుకుంటూ పుస్తకంలో ఆ ప్రశ్నార్థకం చెరిపేశాను. అంతమాత్రాన మనసు మెత్తబడలేదు. చిన్న విషయాలు జాగ్రత్తగా నిజం చెప్పేవాళ్ళే పెద్ద అబద్ధం ఆడగలరని నాకో నమ్మకం ఉంది.

ఆలూరులో నాకు దొరికిన రంగన్న

ఆలూరు దారంతా నల్లరేగడి, మధ్యలో గాలిమరలు. చెట్టు నీడ కోసం బస్సు కూడా వెతుక్కుంటున్నట్టు అనిపించింది. పుస్తకంలో రెండో అధ్యాయం ఇక్కడిదే. టీ అంగడి దగ్గర ఒక రైతు పక్కన కూర్చుని పేరడిగాను. రంగన్న అన్నాడు. వాన గురించి, సజ్జ రొట్టె గురించి, పత్తి గురించి చక్కగా మాట్లాడాడు. నేను సంతోషంగా వింటుంటే టీ అంగడాయన కేకేశాడు.

“ఏమప్పా ఈరన్నా, ఇంగో టీ ఇయ్యల్లా?”

రైతు నావైపు చూసి నవ్వేశాడు. అందులో సిగ్గేమీ లేదు.

“రంగన్న ఎవరండీ మరి?” అన్నాను.

“మా పక్కింటాయప్ప.”

“ఆయన పేరు మీరెందుకు చెప్పారు?”

“నువ్వెవరో నాకేం తెలుసు మా? మొన్న కూడా నీ మాదిరే సంచి తగిలించుకొని గాలిమరల కంపెనీ వోళ్ళు వచ్చిరి. ఇంత దుడ్లు ఇస్తాం, అంత దుడ్లు ఇస్తాం అని పేర్లు రాసుకొని పోయిరి. ఆ ముందర ఇంగోరు వచ్చిరి. ఏంటికి అడుగుతాండారో తెలియకుండా సొంత పేరు ఎట్ల చెప్పేది?”

“మరి రంగన్న మీదికి వచ్చిపడితే?”

“ఆయప్ప నా పేరు చెప్తాడులే” అన్నాడు టీ అంగడాయన, గ్లాసు అందిస్తూ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, లోపల కొంచెం మండింది. మా కోస్తాలో రైలెక్కితే దిగేలోపు కూతురి జీతం, అల్లుడి తాగుడు కూడా చెప్పేసుకుంటాం. ఇక్కడ పేరు చెప్పాలంటేనే పరిచయం కావాలి. నేను అందరినీ అనుమానిస్తానని గొప్ప పోతుంటాను కదా. ఒక ఊరు ఊరంతా నన్ను అనుమానించడం అదే మొదటిసారి. అది ఏమంత బాగుండదు.

మహానందిలో ఒక చెంబెడు ఒప్పుకోలు

మహానందిలో కోనేటి నీళ్ళ అడుగున పడ్డ నాణెం మీద బొమ్మ కూడా కనిపిస్తుందని మార్టిన్ రాశాడు. ఇది అతిశయోక్తి అని తేల్చుకుని వెళ్ళి వంగి చూశాను. కనిపించింది. ఊట నీరు, నిలవ ఉండదు, ఎప్పుడూ పారుతూనే ఉంటుంది. నా కళ్ళజోడు జారి నీళ్ళలో పడితే అది కూడా అడుగున అంత స్పష్టంగానే కనిపించింది. గాజుల అంగడామె చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి, దిగి, తీసిచ్చింది. అందుకు బదులుగా డజను పచ్చగాజులు అంటగట్టింది. వద్దనే ధైర్యం లేక వేసుకున్నాను.

అక్కడికి రెండు విషయాల్లో మార్టిన్ నిజమే రాశాడు. నాకు అనుమానం ఇంకా ఎక్కువైంది.

గండికోటలో నన్నారి

గండికోటలో అందరూ లోయ అంచుకు వెళ్ళి పెన్నను చూస్తారు, నిలబడి ఫోటోలు తీసుకుంటారు. నేనూ చూశాను. ఎర్రటి రాతిగోడల మధ్య ఎక్కడో కింద నది, పైన గాలి. కానీ నేను వచ్చింది ఖాదర్ కోసం. అప్పట్లో మార్టిన్ ఎక్కిన జీపు నడిపింది ఆయనే. ఇప్పుడు కోట దారిలో నన్నారి షర్బత్ అమ్ముతున్నాడని నలుగురిని అడిగితే తెలిసింది.

అరవై దాటిన మనిషి. నిమ్మకాయ పిండి, నన్నారి పోసి, గ్లాసు చేతిలో పెట్టాకే మాట్లాడాడు.

“మాటిన్ సారు పుస్తకంలో నా ఫోటో ఉండాదంట గదా మా?”

చూపించాను. చాలాసేపు చూసుకుని, “అప్పుడు నాకు ఎంత జుట్టుండె!” అన్నాడు. సారుకు కొంచెం హిందీ వచ్చని, ఊళ్ళవాళ్ళ మాటలు తానే ఉర్దూలో చెప్పేవాణ్ణని అన్నాడు. అన్నీ బాగానే చెప్పాడు. నాగమ్మ పేరెత్తగానే ముఖం మూసుకుపోయింది.

“తెల్దు మా.”

“మీరే కదా తీసుకెళ్ళింది? మాటలు చెప్పింది?”

“శానా ఊర్లు తిరిగినాం. ఎవురు గుర్తుంటారు?”

అంతకుముందు ఏ ఊళ్ళో ఎవరు ఏం వండి పెట్టారో చెప్పిన మనిషి ఇతనే. నాకు కోపం వచ్చింది. “అయితే లోకం అనుకుంటున్నది నిజమే. మీ సారు నాగమ్మను పుట్టించాడు. ఆయన్ని అబద్ధాలకోరు అని ఉద్యోగం తీసేశారు, తెలుసా?” అన్నాను.

ఖాదర్ గ్లాసు కింద పెట్టాడు. “ఉద్యోగం పోయిందా? ఆయమ్మ గురించి రాసినందుకా?”

“వేరే దానికి. కానీ ఈమెను కూడా ఆయనే కల్పించాడని అంటున్నారు.”

“ఉండు మా” అని లేచి, గోడ దాకా వెళ్ళి, ఎవరికో ఫోన్ చేశాడు. మాట్లాడుతూ నన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా చూశాడు. నా చేతి గాజుల గురించి కూడా చెప్పినట్టున్నాడు. తిరిగొచ్చి, “రేపు పొద్దున పోదాం. ఊరి పేరు యాడా రాయగూడదు. ఆయమ్మ సొంత పేరు అడగగూడదు” అన్నాడు.

ఎందుకని అడిగితే అప్పుడు చెప్పాడు. ఆ జీపు ఒక ముఠా నాయకుడిది. సారుకు తెలిసినవాళ్ళెవరో ఆ నాయకుడి ద్వారా ఇప్పించారు. “డీజిల్ గూడా ఆయప్పదే. ఊరికే ఇస్తారా మా? సాయంత్రం పోయి యాడ తిరిగినాం, ఎవుర్ని చూసినాం అని నేను చెప్పాల. సారుకు ఈ సంగతి తెల్దు.”

“మీరు చెప్పేవారా?”

“చూసింది చెప్తాంటి” అన్నాడు. గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

మగ్గాల ఊరు

ఆ ఊళ్ళో దిగగానే మగ్గాల చప్పుడు వినిపించి ప్రాణం లేచొచ్చింది. మా వీధిలాగే ఉంది. ఒక్క తేడా, మా వైపు నేతగాళ్ళు పని చేస్తూ పాడతారు, ఇక్కడ టీవీ పెట్టుకుంటారు. ఖాదర్ ఒక ఇంటి ముందు ఆగి, లోపలికి రాకుండా అరుగు మీదే కూర్చున్నాడు.

తలుపు తీసినామె నుదుట రూపాయంత కుంకుమ ఉంది. చేతుల నిండా గాజులు, మెళ్ళో పసుపుతాడు, నల్లపూసలు. నాగమ్మగారు ఉన్నారా అని అడిగాను.

“నేనే అక్కా, రా” అంది.

ముఖం ఫోటోలోదే. ఇరవై ఏళ్ళు మీద పడ్డాయి, అంతే. లోపల గుంట మగ్గం మీద, నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టుకుని, ఎవరో దగ్గుతూ నూలు కండె ఉన్న నాడె అటూ ఇటూ విసురుతున్నారు. ఆయనెవరని అడిగాను.

“మా ఇంటాయన.”

“మళ్ళీ పెళ్ళి...”

“ఒకే మొగుడు అక్కా నాకు” అంది గట్టిగా.

పట్టేశాను అనుకున్నాను. చచ్చిపోయాడని మార్టిన్ రాసిన మనిషి నా ఎదురుగా దగ్గుతున్నాడు. ఇంత దూరం వచ్చినందుకు ఫలితం దక్కిందని, సిగ్గు లేకుండా, సంబరపడ్డాను కూడా.

సంగటి, చెనిగ్గింజల ఊరిమిండి, అంటే వేరుశనగ పచ్చడి, పెట్టి, నేను ముద్ద నోట్లో పెట్టుకున్నాక ఆమె చెప్పడం మొదలుపెట్టింది. అది వాళ్ళ సొంత ఊరు కాదు, పిన్నమ్మ ఊరు. సొంత ఊళ్ళో సంత నుంచి వస్తూ ఆమె భర్త ఒక హత్య చూశాడు. చూసినవాణ్ణి సాక్ష్యం చెప్పమని ఒక ముఠా, చెబితే చంపుతామని ఇంకో ముఠా. రాత్రికి రాత్రి ఇక్కడికి వచ్చి తలదాచుకున్నారు. నెల తిరక్కముందే, వెతుకుతున్నవాళ్ళ జీపు ఆ వీధిలోకి వచ్చింది.

“జీపును చూసి వీధంతా గుర్తుపట్టిరి. దాంట్లో తెల్లాయప్ప ఉన్నాడని ఎవురు చూసినారు? దిగినాక గూడా ఆయప్పను వాళ్ళే పంపిచ్చినారు అనుకుంటిమి. పారిపోయేకి దోవ లేదు. ఈయప్ప మగ్గం గుంటలోకి దిగినాడు. పైన సగం నేసిన చీర, దాని మీద దుప్పటి. మా పిన్నమ్మ వచ్చి తడిగుడ్డతో నా బొట్టు తుడిచేసింది. గాజులు పగలగొట్టింది. తాళి లోపలికి తోసుకున్యా. మొగుడు కాళ్ళ కాడ ఊపిరి తీసుకుంటాంటే, నేను ముండమోసిదాని మాదిరి కూచుంటి అక్కా. మగ్గం దగ్గరికి రావద్దండి, ఆయన సచ్చి మూడేండ్లాయ, అప్పటి నుంచి దాన్ని ఎవురం ముట్టం అని చెప్తి. నోటికొచ్చింది అది.”

వీధిలో అందరూ అదే చెప్పారు, పేరు కూడా నాగమ్మ అనే. మార్టిన్ అంతా రాసుకున్నాడు, ఫోటో తీసుకున్నాడు. ఆ సాయంత్రం ఖాదర్, ఆ ఇంట్లో ఒక విధవరాలు తప్ప ఎవరూ లేరని నాయకుడికి చెప్పాడు. జీపు మళ్ళీ ఆ వీధికి రాలేదు. ఆమె మాత్రం తర్వాత మహానంది వెళ్ళి, తలకు పోసుకుని, కొత్త గాజులు వేసుకుంది.

ఆలూరులో ఈరన్న పక్కింటాయన పేరు చెప్పినట్టే, ఇక్కడ ఒక వీధి ఒక చావునే చెప్పింది. అంటే మార్టిన్ కల్పించలేదు, మోసపోయాడు. అమాయకుడు అనుకున్నాను.

“తెల్దనుకున్యావా ఆయప్పకు?” మగ్గం దగ్గర నుంచి భర్త అన్నాడు. “మర్నాడు నడుచుకుంటా ఒక్కడే వచ్చినాడు. ఖాదర్ లేడు, జీపు లేదు. ఈయమ్మకు దండం పెట్టి, మగ్గం మీద ఒక బీడీకట్ట, అగ్గిపెట్టె పెట్టి, పోయినాడు. గుంట నిండా నా బీడీ వాసనే ఉండె గదా. విధవరాలి ఇంట్లో బీడీ ఎవురు తాగుతారు?”

తెలిసే రాశాడన్నమాట. ఫోన్ చేయకుండా ఎవరినీ చంపొద్దని నేర్చుకున్న మనిషి, బతికున్నాడని తెలిసి కూడా ఒకణ్ణి కాగితం మీద చంపాడు. ఆ అధ్యాయంతో పేరు తెచ్చుకున్నాడు, అదీ నిజమే. లోకమంతా నాగమ్మ లేదన్నప్పుడు, ఒక్క ఊరి పేరు చెబితే బయటపడేవాడు. చెప్పలేదు. మంచికోసం ఆడిన ఆ మొదటి అబద్ధమే, తర్వాతి అబద్ధాలకు చెయ్యి తిరిగేలా చేసిందా? నాకు తెలియదు. ఆ అనుమానం ఇప్పటికీ తీరలేదు.

అప్పుడు తనను వెతికిన ముఠావాళ్ళు ఇప్పుడు లేరు, తెలుగులో వేసుకోమన్నాడు భర్త. నాగమ్మ వద్దంది. ఆమె భయం ఆ మనుషుల గురించి కాదు.

“ఆ ఫోటో తెలుగోళ్ళు చూస్తారు గదా. మొగుడుండంగా ఆ ముఖం ఇంటింటికీ పోతాదా?”

ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. ఇంత విన్నాక కూడా నాలో పురుగు తొలిచింది. మగ్గం గుంట కాళ్ళు పెట్టుకోవడానికే కదా, అందులో మనిషి పడతాడా? ఆ మాటే పైకి అన్నాను. భర్త నవ్వి, “చూస్తావా?” అంటూ పట్టుకుని పట్టుకుని దిగాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి, తల వంచి, ముడుచుకున్నాడు. చీర మీదికి ఆయనే దుప్పటి లాక్కున్నాడు. మనిషి మాయమయ్యాడు. దగ్గు కూడా వినిపించలేదు. ఎదురుగా ఆగిపోయిన మగ్గం, పాత దుప్పటి. అచ్చంగా పుస్తకం అట్ట.

“లేయి” అంది నాగమ్మ.

కదలిక లేదు. ఆటపట్టిస్తున్నాడని నాకు తెలుస్తూనే ఉంది.

“లేయప్పా! లేయి!” దుప్పటి లాగి పారేసి, ఆయన జబ్బ పట్టుకుని, గుంటలోకి తనే పడిపోయేంతగా వంగి ఏడ్చింది. ఆయన కంగారుగా లేచి, “ఈడే ఉండా గదా, ఈడే ఉండా” అంటూ ఆమె తల నిమిరాడు. నేను అంత సిగ్గుపడిన రోజు నా జీవితంలో లేదు. క్షమించమన్నాను.

“నువ్వు చూస్తివి గదా ఇప్పుడు” అంది కళ్ళు తుడుచుకుని. “ఆ పుస్తకం ఇట్లియ్యి.”

అట్ట మీద తన ముఖాన్ని ఆమె అంతవరకు చూడనే లేదు. కాసేపు చూసింది. తన నుదుటి కుంకుమ వేలితో తీసి, ఫోటోలో బోసి నుదుటి మీద ఒత్తి పెట్టింది. “ఇట్ల అయితే వేసుకో. నాగమ్మ అనే రాయి. ఆయన రాసిందంతా ఆయన రాసినట్టే ఉంచి, చివర్లో మాత్రం ఈయప్ప ఉన్నాడని రాయి” అంది.

బయల్దేరుతుంటే భర్త అరుగు చివరి దాకా వచ్చి, ఖాదర్ దగ్గర ఏదో తీసుకుని గోడ వెనక్కి వెళ్ళాడు. పొగ కనిపించింది.

చీరాల

ఇంటికి వచ్చి, కుంకుమ పెట్టిన అట్టను ఫోటో తీసి మార్టిన్‌కు పంపాను. ఆమెను చూశాను, భర్తను చూశాను, తెలుగులో ఈ అట్టతోనే వస్తుంది అని రాశాను. బీడీల మాట మాత్రం కావాలనే రాయలేదు. నా బుద్ధి ఎక్కడికి పోతుంది? వాళ్ళు చెప్పింది నిజమైతే ఆ మాట ఆయనే ఎత్తాలి, లేకపోతే లేదు అనుకున్నాను.

వారం దాకా జవాబు లేదు. తర్వాత ఒక్క వాక్యం వచ్చింది.

“ఆయన ఇంకా బీడీలు తాగుతున్నాడా?”

నాగమ్మకు తెలియకుండా తాగుతున్నాడని రాశాను.